పగుమే ఆరు

మంగళవారం పొద్దున ఎమెబెత్ గేటు దాటుతుంటే కాపలా ముహీ చేతికర్రని గోడకి ఆనించి రెండడుగులు ముందుకొచ్చాడు. ఆయన అలా వచ్చాడంటే ఎవరి తరఫునో ఏదో అడగబోతున్నాడని ఆమెకి తెలుసు.

"తల్లీ, ఆ రాయి మీద కూర్చుందే, ఆ పిల్ల ఫారం పోవట్లేదంట."

"ఎక్కడ ఆగుతోంది గాషే?" పెద్దవాళ్ళని అలా పిలవడం ఆమెకి అలవాటు.

"నాకేం తెలుస్తుంది? ఎర్రక్షరాలు వస్తున్నాయంట. నిన్న కూడా వచ్చి అడిగింది."

ఎమెబెత్ అటు చూసింది. ఆ పిల్లకి పద్దెనిమిదేళ్ళుంటాయి. తెల్లటి నూలు శాలువ తలమీదుగా కప్పుకుని, ప్లాస్టిక్ కవరొకటి ఒళ్ళో పెట్టుకుని, దానిమీద రెండు చేతులూ ఆనించి కూర్చుంది. రబ్బరు చెప్పులకి ఎండిన బురద. దెస్సియె ఊరి కొండల వెనకనుంచి ఎండ ఇంకా గేటు దాకా దిగలేదు. ఆ రాయి చల్లగా ఉంటుంది.

"ఎర్రక్షరాలు వచ్చాయంటే తను తప్పు నింపిందనే. సరిగ్గా చూసుకుని మళ్ళీ నింపమనండి," అంది ఎమెబెత్ నడుస్తూనే.

"సరే, చెప్తాలే."

మెట్లెక్కుతుంటే వెనక ఆయన గొంతు వినిపించింది. "అమ్మాయ్, నువ్వే తప్పు నింపావంట. మళ్ళీ చూసుకో."

అది తను అన్న మాటే. అయినా ఆయన నోట విన్నప్పుడు ఇంకెవరో అన్నట్టుంది.

నర్సింగ్ కళాశాలలో ప్రవేశాల గది రెండో అంతస్తులో ఉంది. గది మూల, ఎమెబెత్ బల్ల కింద, ప్రింటు తీసిన పోయినేటి ఫారాల కట్ట ఇంకా అలాగే ఉంది. తొమ్మిదంకెల ఫోను నంబర్లు, నూటికి నూటపది మార్కులు, తండ్రి పేరు రాయాల్సిన గడిలో 'ఉన్నాడు' అన్న మాట. వాటిని ఒక్కొక్కటే ఎర్ర పెన్సిలుతో సరిచేస్తూ ఆమె ఆరు వారాలు ఆ కుర్చీలోనే కూర్చుంది. కళ్ళు మంటలు పుట్టి, ఇంటికెళ్ళాక దీపం వేసుకోవడానికి కూడా విసుగేసేది. ఈ ఏడు వానాకాలంలో, చూరు కారుతున్న చోట బకెట్టు పెట్టుకుని, ఆ కట్టలో ఉన్న ప్రతి తప్పుకీ ఒక నియమం రాసింది. ఫారం ఇక్కడికి చేరక ముందే, నింపేవాళ్ళ ఎదుట ఉన్న కంప్యూటర్లోనే, జావాస్క్రిప్టు భాషలో రాసిన ఆ నియమాలు ఒక్కో గడినీ సరిచూస్తాయి. ఫోను నంబరు పదంకెలు, మొదట 09. మార్కులు నూరు దాటకూడదు. తనది, తండ్రిది, తాతది, మూడు పేర్లూ ఉండాలి. ఏడెనిమిదేళ్ళు వెనక నడిచే ఇక్కడి క్యాలెండరు ప్రకారం పుట్టినది 1999లోగానీ అంతకు ముందుగానీ అయ్యుండాలి. ఏ ఒక్కటి తేడా వచ్చినా ఆ గడి కింద ఎర్రక్షరాలు వస్తాయి. 'పంపు' అన్న మీట బూడిదరంగులోనే ఉండిపోతుంది. ఎంత నొక్కినా కదలదు.

అందరూ ఆతో అని గౌరవంగా పిలిచే షిఫెరావ్ టీ గ్లాసుతో వచ్చి గోడమీది నల్లబల్ల ముందు నిలబడ్డాడు. ఈ గదికి ఆయనే పెద్ద. యాభై దాటాయి. కోటు భుజాల మీద ఎప్పుడూ సుద్దపొడి ఉంటుంది.

"ఎన్నొచ్చాయి?"

"రెండువేల మూడువందల పద్దెనిమిది, సార్."

"తప్పులు?"

"ఒక్కటీ లేదు."

ఆయన తప్పుల వరసలో సున్నా చుట్టి, కాసేపు చూసుకుని, దాని మీద ఇంకోసారి సుద్దముక్క తిప్పాడు. "ఈ ఎర్రక్షరాలేవో మా ఇంట్లో కూడా పెట్టవమ్మా. మా ఆవిడ నోరు తెరిచేలోపే సరిచూస్తాయి."

"ఆవిడ ముందే అడిగారు సార్, మీ కోసం."

షిఫెరావ్ నవ్వి, టీ ఒలికితే కోటు దులుపుకున్నాడు. తలుపు దగ్గర ఆగి, "నీ ఉద్యోగ ఒప్పందం కాగితం డీన్ గారి బల్ల మీదుంది. శుక్రవారం పదకొండింటికి ఫారం మూసేస్తాం. శనివారం ఈ సున్నా ఆయనకి చూపిస్తాను. సంతకం దానంతటదే పడుతుంది," అన్నాడు.

ఇక్కడ గంటలు పొద్దుపొడుపు నుంచి లెక్క కాబట్టి శుక్రవారం పదకొండంటే పొద్దు వాలే వేళ. ఇంకా మూడు రోజుల పైన ఉంది. ఎమెబెత్ కళ్ళజోడు తీసి రెప్పలు నులుముకుంది. ఆ సున్నా చూస్తే ఆమెకి సంతోషం కంటే నిద్ర ఎక్కువ వచ్చింది.

బుధవారం ఉపవాసం. పాలూ మాంసమూ లేని రోజు. మధ్యాహ్నం ఆమె గేటు బయటికొచ్చి, రోడ్డు అవతలి పూటకూటి ఇంట్లో ఇంజెర రొట్టె మీద శనగపిండి పులుసు శిరో పోయించుకుని తింది. రాయి మీద ఎవరూ లేరు. పోయిందిలే, సరిచూసుకుని పంపి ఉంటుంది అనుకుంది. చేతులు కడుక్కుని బయటికొస్తే, పక్కనే ఉన్న ఇంటర్నెట్ కొట్టులో తెల్ల శాలువ కనిపించింది.

కొట్టు ఒక చిన్న రేకుల గది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గోడవార బెంచీ మీద ఏడెనిమిది మంది. కొట్టామె జెనెబెచ్ మీద ఊళ్ళో సగం మంది దరఖాస్తులు ఆధారపడి ఉన్నాయి. పల్లెల నుంచి వచ్చిన పిల్లలకి కంప్యూటరు మీట నొక్కడం రాదు. కాగితాలు ఆమె చేతికిస్తారు. ఆమె చదివి, అడిగి, నింపుతుంది.

"వరసలో కూర్చో చెల్లీ," అంది జెనెబెచ్ తలెత్తకుండా. "కరెంటు ఇప్పుడే వచ్చింది. మళ్ళీ ఎప్పుడు పోతుందో దానికే తెలీదు."

"నాకేం పనిలేదక్కా. ఊరికే చూసి పోతాను."

"చూడ్డానికి ఇదేమన్నా పెళ్ళా? సరే, ఆ మూల నిలబడు. వెలుతురుకి అడ్డం రాకు."

ఎమెబెత్ మూల నిలబడింది. తన ఫారాన్ని ఇంకొకళ్ళ వేళ్ళ కింద చూడటం ఆమెకి ఇదే మొదలు. జెనెబెచ్ రెండు వేళ్ళతో కొడుతోంది. ఒక్కో అక్షరానికీ పెదవులు కదుపుతోంది. తెరమీద చీలిక ఉన్న చోట గడులు రెండుగా కనిపిస్తున్నాయి.

"పేరు, అయ్‌నద్దిస్. తండ్రి, యిమామ్. తాత, హసెన్. అయింది. ఫోను, అయింది. ఇదిగో, ఇప్పుడొస్తుంది చూడు మన తద్దినం. రోజు ఆరు. నెల పగుమే. సంవత్సరం 1999."

గడి కింద ఎర్రక్షరాలు వచ్చాయి. 'పుట్టిన తేదీ తప్పు.'

"ఇదిగో, చెప్పానా! దీన్ని చేసినవాడు ఎవడో గానీ, వాడి చేతులకి చీమలు పట్టా! ఇన్నాళ్ళనించి చూస్తున్నాను, పలకమంటే పలకదు, ఎందుకు తప్పో చెప్పదు. బడిలో మా పంతులైనా కొట్టేముందు కారణం చెప్పేవాడు."

బెంచీ మీద వాళ్ళు నవ్వారు. అయ్‌నద్దిస్ నవ్వలేదు. "ఇంకోసారి వెయ్యక్కా," అంది మెల్లిగా.

"ఎన్నిసార్లు వేసినా అదే కదే! ఐదు వేద్దామంటే వద్దంటావు. కొత్త ఏడాది మొదటిరోజు, మెస్కెరెమ్ ఒకటి వేస్తే మర్నాడు కదా అని వేశాను, అప్పుడు సంవత్సరం రెండువేలు అవుతుంది, 'నీకు వయసు చాలదు' అంటుంది. ఒక్కరోజు వెనక్కి జరిగితే నీ సొమ్మేం పోయింది తల్లీ? ఐదు తీసుకుంటోంది. వేసి పారేస్తాను, ఇంటికి పో."

"వద్దక్కా. కార్డులో ఆరుంది. పుట్టిన పత్రంలో ఆరుంది. పోయినేడు మా పెదనాన్న కూతురికి ఒక్క అంకె తేడా వచ్చిందని కాగితాలు చూసేరోజు పేరు కొట్టేశారు. ఏడ్చినా వినలేదంట."

ఎమెబెత్ తెరమీదినుంచి చూపు తిప్పుకుంది. కాగితాలు చూసే బల్ల దగ్గర పోయినేడు కూర్చున్న ముగ్గురిలో తనొకతె. ఒక్క అంకె తేడా ఉన్న పేర్లు తనూ కొట్టేసింది. వాళ్ళలో ఎవరు ఏడ్చారో గుర్తు లేదు. చాలామంది ఏడ్చారు.

"నిజంగా ఆరునే పుట్టావా?" అని అడిగింది.

అయ్‌నద్దిస్ వెనక్కి తిరిగి చూసింది. గేటు దగ్గర చూసిన మనిషని గుర్తుపట్టినట్టు లేదు. "తెల్లారితే రెండువేల సంవత్సరం అక్కా. ఊరంతా డప్పులతో రోడ్డుమీదుందంట. మా అమ్మని మంచం మీద మోసుకెళ్తుంటే, పండగ ఊరేగింపనుకుని జనం చప్పట్లు కొట్టారంట. అంత గుర్తున్న రోజుని మేం ఎట్లా మరిచిపోతాం? నాలుగు రోజుల్నించి ఈ మిషను నేనసలు పుట్టలేదంటోంది."

ఎమెబెత్ మళ్ళీ తెర చూసింది. రోజు ఆరు, నెల పగుమే. ఆ రాత తన కళ్ళకి కూడా మొదట తప్పుగానే కనిపించింది. ఆ తరవాత వేళ్ళమీద లెక్క వేసుకుంది.

పన్నెండు నెలలకి ముప్ఫయ్యేసి రోజులు. పదమూడో నెల పగుమేకి ఐదు. అలా రాసింది తను. ఆ నియమం రాసినందుకు ఆ రోజు కాస్త గర్వపడింది కూడా. దేశం బయట ఎవరికైనా పని అప్పజెప్పి ఉంటే పదమూడో నెలే మరిచిపోయేవాళ్ళనుకుంది. నాలుగేళ్ళకోసారి పగుమేకి ఆరోరోజు వస్తుందని ఈ దేశంలో మేకలు కాసేవాళ్ళకి కూడా తెలుసు. తనకీ తెలుసు. ఆ ఆరోరోజు పొద్దున్నే అమ్మ వీధి కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకొచ్చి అందరి నెత్తిన చల్లేది. తెలిసీ రాయలేదు. చూరునుంచి బకెట్టులో నీళ్ళు పడుతుంటే, తొందరగా ముగించి ఇంటికి పోదామని ఐదని రాసి ముందుకెళ్ళిపోయింది.

"అక్కా," అంది జెనెబెచ్‌తో. "ఇది చేసింది నేనే."

"ఏది?"

"ఈ ఫారం. ఆ ఎర్రక్షరాలు. ఈ పిల్ల తేదీ సరైనదే. నేనే తప్పు రాశాను."

జెనెబెచ్ కుర్చీలో పూర్తిగా తిరిగి ఆమెని పైనుంచి కిందికి చూసింది.

"ఆడపిల్లవా నువ్వు! నేనిన్నాళ్ళూ మగవాడనుకుని తిట్టాను. ఆ తిట్లన్నీ వృథా అయిపోయాయి కదే!"

ఈసారి నవ్విన వాళ్ళలో అయ్‌నద్దిస్ లేదు, ఎమెబెత్ లేదు. ఆ పిల్ల చూపు ఎమెబెత్ చేతులమీద ఆగింది, ఆ చేతుల్లో ఏదో కనిపించాలన్నట్టు.

"అయితే ఇప్పుడు తీసుకుంటుందా?" అంది.

"రేపు. రేపటికల్లా తీసుకునేట్టు చేస్తాను."

"నా ముందు ఒకమ్మాయి వచ్చింది," అంది అయ్‌నద్దిస్. "ఆదివారం. తనదీ పగుమే ఆరే. తప్పంటోందని చెప్పగానే ఏం మాట్లాడకుండా కాగితాలు తీసుకుని వెళ్ళిపోయింది."

"ఎవరా అమ్మాయి?"

జెనెబెచ్ సొరుగు లాగి ఒక పొడుగాటి పుస్తకం తీసింది. కరెంటు పోయినప్పుడల్లా మనుషుల్ని నిలబెట్టలేక, పేరూ ఫోనూ రాయించుకుని పంపేస్తుంది. కరెంటు రాగానే పిలుస్తుంది. ఫారం పోయినవాళ్ళ పేరు పక్కన టిక్కు. పోనివాళ్ళ పేరు పక్కన పెన్సిలుతో చిన్న సున్నా.

ఎమెబెత్ వేలు పెట్టి వరసగా దిగింది. ఆదివారం పేజీలో మూడు సున్నాలు. సోమవారం పేజీలో ఐదు. అన్ని పేజీలూ కలిపి మొత్తం పద్నాలుగు. ఇంతమంది వెనక్కి పోయారని తన కంప్యూటరులో ఎక్కడా లేదు. ఫారం పంపకముందే ఆగిపోతే దాని గుర్తు ఎక్కడా మిగలదు. నల్లబల్ల మీద షిఫెరావ్ చుట్టిన సున్నా నిజమే. వచ్చినవాటిలో తప్పులు లేవు. రానివాటిని ఎవరూ లెక్క పెట్టలేదు.

"ఈ పుస్తకం ఒక్కరోజు ఇస్తావా అక్కా?"

"ఇస్తాను. పోగొట్టావంటే మాత్రం తిట్లు మళ్ళీ మొదటినించీ మొదలెడతాను. ఈసారి పేరు పెట్టి."

ఆదివారం వచ్చిన ఆ అమ్మాయి పేరు ఆ రోజు పేజీలో ఉంది, రహ్మెత్ ఎంద్రిస్. పక్కన జెనెబెచ్ రాసుకుంది: 'తేదీ'.

గురువారం పొద్దున షిఫెరావ్ ఆమె చెప్పినదంతా విన్నాడు. వినేటప్పుడు టీ తాగలేదు. గ్లాసు మీద మీగడ కట్టింది.

"ముట్టుకోకు," అన్నాడు చివరికి.

"ఒక్క వాక్యం సార్. సంవత్సరాన్ని నాలుగుతో భాగిస్తే మూడు మిగిలిందంటే ఆరు రోజులు, లేకపోతే ఐదు. అంతే."

"ముందటేడు ఫారం చేసినవాళ్ళు కూడా ఒక్క వాక్యమే అన్నారు. మూసే ముందు రోజు ముట్టుకున్నారు. రెండు రోజులు మొత్తం పడిపోయింది. డీన్ గారి ముందు నిలబడింది నేను. వాళ్ళు కాదు." ఆయన కళ్ళ కింద సంచులు కదిలాయి. "ఎంతమంది ఉంటారు అట్లా పుట్టినవాళ్ళు? ఒకళ్ళా, ఇద్దరా?"

"తెలీదు సార్. తెలిసే దారి లేకుండా చేశాను నేను."

"మరి లెక్క లేకుండా నేనేమని చెప్పను పైన?"

ఎమెబెత్ పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని చూశాడు. వేలు ఒక్కో సున్నా దగ్గరా ఆగుతూ పోయింది.

"ఇవన్నీ పగుమే ఆరా?"

"ఇద్దరివే. మిగతావి ఫోను నంబర్లు. కొత్త కంపెనీ సిమ్ములు 07తో మొదలవుతాయి. నేను 09 మాత్రమే రాశాను. కొందరు పక్కింటివాళ్ళ నంబరిచ్చి పంపేశారంట. పరీక్ష పిలుపు ఆ పక్కింటికి పోతుంది. ఇది ఒక్క కొట్టు సార్. ఊళ్ళో తొమ్మిదున్నాయి."

షిఫెరావ్ జేబులోంచి ఫోను తీసి, వెనక్కి తిప్పి, బల్ల మీద పెట్టాడు. అందులో ఉన్నది 07 సిమ్మే. మొన్న పండక్కి కొడుకు కొనిపెట్టాడు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

ఆయన నల్లబల్ల వైపు చూశాడు. "నీ కాగితం ఇంకా సంతకం కాలేదు. గుర్తుందా?"

"గుర్తుంది సార్."

"తెలిసే చెప్తున్నావన్నమాట." ఆయన గ్లాసులో మీగడ వేలితో తీసి పక్కన పెట్టాడు. "చెయ్యి. పదిసార్లు చూసుకుని చెయ్యి. వచ్చే బుధవారం దాకా గడువిస్తున్నామని నోటీసు రాస్తాను. కారణం, నెట్‌వర్క్ అంతరాయం. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ రాయను. నా పెన్షనుకి మూడేళ్ళే ఉంది."

ఆమె పదిసార్లే చూసింది. పగుమే ఆరు 1999, ఎర్రక్షరాలు లేవు. పగుమే ఆరు 1998, వచ్చాయి. రావాలి, ఆ ఏడు ఆరోరోజు లేదు. పగుమే ఏడు, వచ్చాయి. పగుమే ఆరు 1995, లేవు. 07, లేవు. 08, వచ్చాయి. ఎర్రక్షరాల మాట కూడా మార్చింది. 'పుట్టిన తేదీ తప్పు' అన్న చోట 'ఈ తేదీ మాకు అర్థం కాలేదు, కళాశాల గేటు దగ్గర అడగండి' అని రాసింది. మీట మీద వేలు పెట్టి, నొక్కింది. ఏదీ పడిపోలేదు. కిటికీ అవతల ఎవరో ఇనప తలుపు వేసిన చప్పుడుకి మాత్రం ఉలిక్కిపడింది.

శుక్రవారం నోటీసు ఆమే గేటుకి అంటించింది. ముహీ కర్ర చంకలో పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు.

"నెట్‌వర్క్ అంతరాయం వల్ల... గడువు... అంటే ఆ పిల్ల తప్పు నింపలేదా?"

"లేదు గాషే."

"మరి నేను తప్పని చెప్పానే."

"నేను చెప్పమన్నాను, మీరు చెప్పారు."

ముహీ రాయి వైపు ఒకసారి చూశాడు. ఎమెబెత్ సంచిలోంచి పెన్ను తీసి, ముద్ర పడిన నోటీసు కింద ఖాళీలో, నిలబడే, కాగితం గోడకి నొక్కిపెట్టి రాసింది. 'పగుమే ఆరున పుట్టినవాళ్ళూ, 07 నంబర్లవాళ్ళూ మళ్ళీ రండి. మీరు నింపింది సరైనదే. తప్పు ఫారంది.' ఒక క్షణం ఆగి కింద తన పేరు రాసింది. గోడ గరుకుకి పేరులో రెండక్షరాలు వంకర పోయాయి.

"ఆతో షిఫెరావ్ చూస్తే?" అన్నాడు ముహీ.

"చూస్తారు గాషే. రోజూ ఇటే కదా వస్తారు."

కొట్టులో జెనెబెచ్ అప్పటికే అయ్‌నద్దిస్‌ని కుర్చీలో కూర్చోబెట్టింది. "దీని తేదీ ఇదే కొట్టుకుంటుందంట. నన్ను నమ్మదంట," అంది ఎమెబెత్‌ని చూసి. ఆ పిల్ల ఒక్క వేలు చాపి, మీట వెతుక్కుని, ఆరు నొక్కింది. పగుమే. 1999. అందరూ గడి కిందికి చూశారు. అక్కడ ఏమీ రాలేదు. బూడిదరంగు మీట ఆకుపచ్చగా మారింది. అయ్‌నద్దిస్ దాన్ని వెంటనే నొక్కలేదు. వేలు శాలువకి తుడుచుకుంది, తరవాత నొక్కింది. తెరమీద నంబరు వచ్చింది. జెనెబెచ్ దాన్ని ప్రింటు తీసి, పుస్తకంలో ఆమె పేరు పక్కనున్న సున్నాని రబ్బరుతో చెరిపి టిక్కు పెట్టింది.

ఆ పిల్ల కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంది. లేవలేదు.

"బస్సుకి టైమైంది కదే," అంది జెనెబెచ్.

"ఆ అమ్మాయికి కూడా చెప్పాక పోతాను."

ఎమెబెత్ పుస్తకం ముందేసుకుని తన ఫోన్లోంచే ఒక్కొక్కళ్ళనీ పిలిచింది. కొందరు మళ్ళీ వస్తామన్నారు. ఒకతను వేరే కళాశాలలో చేరిపోయానన్నాడు, చెప్పినందుకు సంతోషమన్నాడు. ఇద్దరి ఫోన్లు మోగలేదు. రహ్మెత్ నంబరు ఆఖరికి ఉంచింది. మోగింది. ఎత్తింది ఒక పెద్దావిడ. వెనక గాలి చప్పుడు, కొడవళ్ళ చప్పుడు.

"రహ్మెత్ ఉందా అమ్మా? నర్సింగ్ కళాశాల నుంచి మాట్లాడుతున్నాను."

"చేలో ఉంది తల్లీ, తెఫ్ పంట కోత. నేను వాళ్ళమ్మని. ఫారం గురించేనా? దిగులుపడకండి, సరిచేయించేశాం."

"ఏం సరిచేయించారు?"

"తేదీ. మిషను తప్పంది కదా. మర్నాడే కార్డులిచ్చే కెబెలె కార్యాలయానికి పోయాం. పొద్దున్నించి సాయంత్రం దాకా నిలబడి కార్డు మార్పించాం. ఇప్పుడది పగుమే ఐదున పుట్టింది. ఈ పూట కోత అవగానే వస్తుంది, కొత్త కార్డు పట్టుకుని. ఇప్పుడు తీసుకుంటుంది కదా?"

తీసుకుంటుంది. ఐదైనా తీసుకుంటుంది. కాగితాలు చూసేరోజు కార్డు మీద ఐదు, బడి పత్రం మీద ఆరు పక్కపక్కన పెడతారు. ఎమెబెత్‌కి ఆ బల్ల కనిపిస్తోంది, ఆ ఎర్ర పెన్సిలు కనిపిస్తోంది.

"అమ్మా, మీకు ఏ రోజని గుర్తు?"

"నేను కన్నదాన్నే, నాకు గుర్తుండదా? ఆరే. తెల్లారితే కొత్త ఏడాది. కానీ నాకు చదువు రాదు కదమ్మా. మిషనుకి తెలిసినంత నాకేం తెలుస్తుందిలే, నేనే పొరబడ్డానేమో అనుకున్నా."

అయ్‌నద్దిస్ బెంచీ మీదినుంచి ముందుకు వంగింది. ఫోన్లోంచి ఆ మాటలు అందరికీ వినబడుతున్నాయి.

"మీరు పొరబడలేదమ్మా," అంది ఎమెబెత్. "మీకు గుర్తున్నదే సరైనది. పొరపాటు నాది. ఆ మిషనుకి చెప్పింది నేనే."

అవతల కొడవళ్ళు ఆగినట్టున్నాయి.

"అయితే మళ్ళీ కెబెలెకి పోవాలా తల్లీ?" అంది ఆవిడ. ఆ గొంతులో కోపం లేదు. ఎంత దూరం నడవాలో, కోతలో ఎన్ని రోజులు పోతాయో లెక్క వేసుకుంటున్న గొంతు.

"సోమవారం పొద్దున్నే నేను అక్కడికొస్తాను. కళాశాల ముద్ర వేయించిన ఉత్తరం తెస్తాను. మీరు ఆఫీసు దగ్గరికి వస్తే చాలు, నిలబడేది నేను నిలబడతాను."

"నువ్వెందుకమ్మా అంత దూరం," అంది ఆవిడ. తరవాత "సరే, రా. వచ్చేటప్పుడు చలికి ఏదన్నా కప్పుకో. ఇక్కడ గాలెక్కువ," అని పెట్టేసింది.

జెనెబెచ్ పెన్సిలు పట్టుకుని పుస్తకం మీద వంగి ఉంది.

"ఏం పెట్టమంటావు దీనికి? టిక్కా, సున్నానా?"

ఎమెబెత్ కళ్ళజోడు తీసి రెప్పలు నులుముకుంది.

"ఇంకా ఏదీ పెట్టకక్కా."